సుదర్శనం చేసిన వృక్షకణం

సుదర్శనం ఆత్మజ్ఞానం కోసం ఆశ్రమానికి వచ్చాడు. పెద్దస్వామి అతన్ని ఎగాదిగా చూసి, "ఏం చదువుకున్నావు నాయనా?" అని అడిగారు. వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ అని చెప్పడమే అతను చేసిన పొరపాటు. మర్నాటి నుంచి ఆశ్రమం బడిలో ఎనిమిదో తరగతి సైన్సు పాఠాలు అతని మెడకు చుట్టుకున్నాయి. ఆత్మ గురించి అడుగుదామని వచ్చినవాడు అమీబా గురించి చెబుతూ కూర్చున్నాడు.

అయినా చెప్పడంలో మహా దిట్ట. ఏ పిల్లవాడు ఏం అడిగినా గంటసేపు చెప్పగలడు. "నాకు తెలీదు" అనే మాట అతని నోట ఎవరూ వినలేదు. ఆ సంగతి అందరికంటే బాగా అతనికే తెలుసు.

వేసవి మొదట్లో కణం పాఠం వచ్చింది. బొమ్మ ఎవరైనా గీస్తారు, మనం నమూనా చేసి చూపిద్దాం అనుకున్నాడు. థర్మోకోల్ కావాలంటే గోదావరి దాటి వెళ్ళాలి. అందుకని వంటింట్లో దొరికినవాటితోనే కానిచ్చాడు.

పెద్ద పళ్ళెం అంచు చుట్టూ వేరుశెనగ అచ్చులు నిలబెట్టాడు. అది కణకవచం. కొబ్బరిపాలలో చైనాగ్రాస్ కాచి పోస్తే తెల్లగా గడ్డకట్టి కణద్రవ్యమైంది. నడుమ ఓ పెద్ద తాటిముంజె, దాని కడుపు నిండా నీళ్ళు, నీటి సంచిలాంటి రిక్తికకి అంతకంటే ఏం కావాలి? వంపు తిరిగిన జీడిపప్పులు మైటోకాండ్రియా అయ్యాయి. పచ్చ టూటీఫ్రూటీలు హరితరేణువులు. మడతలు మడతలుగా ఉండే గాల్జీ సంక్లిష్టానికి, ఎవరో భక్తులు తెచ్చిన పూతరేకులు అచ్చుగుద్దినట్టు సరిపోయాయి. గసగసాలు చల్లి రైబోజోములన్నాడు. ఓ పక్కగా నేతి సున్నుండ కూర్చోబెట్టి కేంద్రకమన్నాడు. ఒక్కోదానికీ చీపురుపుల్లతో కాగితం జెండా గుచ్చి పేరు రాశాడు.

తరగతిలో పళ్ళెం మీద గుడ్డ తియ్యగానే పిల్లలు కళ్ళప్పగించి చూశారు. కొందరు పాఠం కోసం, చాలామంది సున్నుండ కోసం.

"ఎవరూ చెయ్యి పెట్టకండి. నాలుగు రోజులపాటు అందరూ చూడాలి," అన్నాడు సుదర్శనం.

కుసుమ అనే పిల్ల లేచి నిలబడింది. "సార్, ఇందులో ప్రాణం ఏదండి?"

"అన్నిటినీ నడిపించేది కేంద్రకం."

"అంటే ప్రాణం సున్నుండలో ఉందాండి?"

తరగతంతా గొల్లుమంది. కుసుమ మాత్రం నవ్వలేదు. "సున్నుండ ఒక్కటీ తీసి పక్కన పెడితే అది బతుకుతుందాండి?"

"బతకదు."

"మరి మిగతాది?"

"అదీ ఎన్నాళ్ళో బతకదు."

"మరైతే ప్రాణం ఏదండి?"

సుదర్శనం పళ్ళెం మీద గుడ్డ కప్పేశాడు. "రేపు చెబుతాను, కూర్చో."

ఆ సాయంత్రం ఉన్న పుస్తకాలన్నీ తిరగేశాడు. కణం ఏం తింటుందో, ఎలా పెరుగుతుందో, రెండుగా ఎలా చీలుతుందో అన్నీ ఉన్నాయి. ప్రాణం ఫలానా చోట ఉందని వేలు పెట్టి చూపించిన పుస్తకం ఒక్కటీ లేదు. అంత చదువూ చదివి ఎనిమిదో తరగతి పిల్లకి దొరికిపోయానే అని అతనికి తల కొట్టేసినట్టయింది. రేపు కూడా మాట దాటేస్తే ఇక ఆ తరగతిలో తలెత్తుకోలేడు.

తెల్లవారగానే పళ్ళెం పట్టుకుని పెద్దస్వామి దగ్గరికి వెళ్ళాడు. ఆయన అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు.

"స్వామీ, ఇందులో అన్నీ పెట్టాను. ప్రాణం ఎక్కడుందో చూపించడం మాత్రం నావల్ల కావడం లేదు."

స్వామి వంగి పళ్ళెం నాలుగు వైపులా చూశారు. ఆయన ముఖం విప్పారింది. "ఎంత బాగా చేశావు సుదర్శనం! తిని చూశావా?"

"తినడానికి కాదు స్వామీ, చూడటానికి."

"అలాగా!" అని స్వామి బడి వైపు తిరిగి కేకేశారు. "పిల్లలూ, ఇలా రండర్రా! చేతులు కడుక్కునే రండి!"

సుదర్శనం పళ్ళేనికి చెయ్యి అడ్డం పెట్టాడు. "స్వామీ, పాఠం ఇంకా పూర్తి కాలేదు!"

"అవుతుంది, ఉండు," అంటూ స్వామి కణకవచం ఫెళ్ళున విరిచారు. "పేరు చెప్పి అడిగినవాళ్ళకే పెడతాను."

ఇక చూడాలి ఆ సందడి!

"నాకు మైటోకాండ్రియా స్వామీ!"

"నాకు రెండు హరితరేణువులు!"

సైన్సు పేర్లకి నెల రోజులుగా నోరు తిరగని ఓ బక్క పిల్లాడు పూతరేకు వంక చూస్తూ "గాల్జీ సంక్లిష్టం" అని తడబడకుండా అనేశాడు. మరొకడు పళ్ళు చూపిస్తూ పరుగెత్తుకొచ్చి, "సార్, రైబోజోములు పళ్ళలో ఇరుక్కున్నాయండి!" అన్నాడు. ముంజె కొరికినవాడికి నీళ్ళు మోచేతి దాకా కారాయి. "రిక్తిక కారిపోతోందిరోయ్!" అని అందరూ ఒకటే నవ్వు. సుదర్శనం కోపం తెచ్చుకుందామని చూశాడు గానీ, అది రాలేదు.

పళ్ళెం ఖాళీ అయింది. స్వామి చేతిలో సగం సున్నుండ మిగిలింది. పిల్లలు మూతులు తుడుచుకుంటూ ఆవరణలోకి పోయి కబడ్డీ మొదలుపెట్టారు.

"అంతా పోయింది స్వామీ. ఇప్పుడా పిల్ల అడిగితే ఏం చూపించను?"

"పోయిందా?" అన్నారు స్వామి. "ఎటు పోయింది?"

సుదర్శనం తల తిప్పి ఆవరణలోకి చూశాడు. బక్క పిల్లాడు ఊపిరి బిగబట్టి కూత పెడుతున్నాడు. ఇద్దరు దుమ్ములో దొర్లుతూ నవ్వుతున్నారు. కుసుమ నలుగురి పట్టు విడిపించుకుని, గాలిలో ఎగిరి గీత తాకింది.

అతను చూస్తూ ఉండిపోయాడు. ఎక్కడినుంచి వచ్చిందో గానీ పట్టలేనంత సంతోషం వచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే నవ్వేశాడు.

కుసుమ రొప్పుతూ వచ్చి ఎదురుగా నిలబడింది. ముక్కు మీద దుమ్ము, చెంపల మీద చెమట. "సార్, ప్రాణం ఏదో ఇవాళ చెబుతానన్నారండి."

సుదర్శనం ముఖం వెలిగిపోయింది. గొంతు సవరించుకుని, పంచె సర్దుకుని, అరుగు మీద బాసిపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"చూడమ్మా కుసుమా, ప్రాణం అంటే..."

స్వామి మిగిలిన సున్నుండ అతని నోట్లో కుక్కారు.

"నోట్లో ముద్ద ఉండగా మాట్లాడకూడదు నాయనా."