కరెంటుకు ఊగడం నేర్పిన కవ్వం

ఒకప్పుడు కరెంటు ఒకే దిక్కుకి పరుగెత్తేది. ముందుకే! వెనక్కి తిరగడమన్న మాటే ఎరగదు.

ఎందుకంటారా? కరెంటు పిల్ల పేరు చిటుకు. వాళ్లమ్మ మెరుపు. ఆవిడ ఆకాశంలోంచి ఒక్క దూకు దూకిందంటే మళ్లీ వెనక్కి చూడదు. "మన వంశంలో వెనకడుగు లేదే! వేశావో, పరువు గంగలో కలిసినట్టే" అని ఉగ్గుపాలతోనే నూరిపోసింది. చిటుకుకి అమ్మ మాటంటే వేదం.

చిటుకు ఉండేది కొండమీద, జలపాతం పక్కన. అక్కణ్ణుంచి రాగితీగ వెంట పరుగెత్తి ఇళ్లలో దీపాలు వెలిగించేది. మొదటి ఊళ్లో ధగధగ. రెండో ఊళ్లో ఫరవాలేదు. దారి పొడవునా తీగ వేడెక్కి దాని ఓపికంతా తినేసేది. చిట్టచివరి ఇల్లు పైడమ్మది. అక్కడికి చేరేసరికి, పాపం, బల్బులో చుట్ట కొసన నిప్పంత ఎరుపు మిగిలేది.

ఆ ఏడు ముసురు పట్టింది. మూడు రోజులు తెరిపి లేదు. పైడమ్మ కోడిపెట్టని అడవిపిల్లి ఎత్తుకుపోయింది. దాని పిల్లలు పదకొండూ గంపలో మిగిలాయి. పైడమ్మ వాటి మీద బల్బు వేలాడదీసింది. ఆ వెచ్చదనం చాలితేనే అవి బతుకుతాయి.

చిటుకు రొప్పుతూ వచ్చింది. బల్బు ఎర్రబడి ఊరుకుంది. కోడిపిల్లలు ఒకదానిమీద ఒకటి పడి వణుకుతున్నాయి. ఒకటైతే అరవడం కూడా మానేసింది. చిటుకుకి ఏడుపొచ్చింది.

"అవ్వా, ఈసారి ఇంకా గట్టిగా పరుగెత్తుతాను!"

"గట్టిగా పరిగెడితే గట్టిగా అలిసిపోతావే ఎర్రిదానా" అంది పైడమ్మ. చేతిలో కవ్వం ఆపలేదు. వానైనా వరదైనా ఆవిడ చల్ల చిలకాల్సిందే. "ఇటు సూడు. ఈ తాడు ఎక్కడికైనా పోతందేటి? నా దగ్గరికి వస్తాది, మళ్లీ పోతాది. ఉన్నచోటే ఉంది. మరి వెన్న ఎలాగొచ్చింది?"

చిటుకు చూసింది. కుడిచెయ్యి లాగితే కవ్వం ఇటు తిరిగింది. ఎడమచెయ్యి లాగితే అటు తిరిగింది. కుండలో వెన్న ముద్దలు తేలుతున్నాయి.

"కానీ అవ్వా, వెనక్కి తిరిగితే పరువు పోదూ?"

"పరువు పోతే మళ్లీ తెచ్చుకోవచ్చు. కోడిపిల్ల పోతే తెస్తావేటి?"

చిటుకు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి వెనక్కి తిరిగి కొండెక్కింది.

కొండమీద సూదంటురాయి తాత ఉండేవాడు. ఆయనకి రెండు ముఖాలు. ఒకటి రమ్మంటుంది, రెండోది పొమ్మంటుంది. "ఈయన ఒక మాటమీద నిలబడే రకం కాదు" అని అందరూ వెక్కిరిస్తే, సిగ్గుపడి ఒక ముఖం మట్టిలో దాచుకుని కూర్చున్నాడు.

"తాతా! నాకు నీ రెండు ముఖాలూ కావాలి!"

ఆ మాట తాతతో ఇంతవరకూ ఎవరన్నారు? కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. మట్టి దులుపుకుని లేచాడు. "తిప్పడానికి నేను లేనూ!" అంటూ జలపాతం ఆయన్ని గిరగిరా తిప్పింది.

రమ్మనే ముఖం ఎదురొస్తే చిటుకు ముందుకు ఒకడుగు వేసింది. పొమ్మనే ముఖం రాగానే పైన అమ్మ తళుక్కుమంది. చిటుకుకి సిగ్గుతో ప్రాణం పోయినంత పనైంది. కళ్లు గట్టిగా మూసుకుని వెనకడుగు వేసేసింది.

తీగ నిండా చిటుకు చెల్లెళ్లే, లెక్కలేనంత మంది. చేతులు పట్టుకుని నిలబడ్డారు. ఇక్కడ చిటుకు ఊగితే ఆ ఊపు ఒకరినుంచి ఒకరికి పాకి చివరి ఇంటికి చేరింది. ఎవరూ పరుగెత్తలేదు. ఎవరూ అలిసిపోలేదు.

పైడమ్మ ఇంట్లో బల్బు ధగధగా వెలిగింది! గంప వెచ్చబడింది. ఒకటి, రెండు, పది గొంతులు లేచాయి. పైడమ్మ కవ్వం ఆపి చెవొగ్గింది. కాసేపటికి, సన్నగా, పదకొండోది "కిచ్" అంది.

"బతికిందే, బతికింది! మా యమ్మే, మా తల్లే!" అని పైడమ్మ బల్బుకే మెటికలు విరిచింది.

పైనుంచి మెరుపు అంతా చూసింది. మబ్బుని పక్కకి నెట్టి, వాన ఆపేసింది.

అప్పటినుంచే కరెంటు ఒకడుగు ముందుకీ ఒకడుగు వెనక్కీ వేస్తూ ఉన్నచోటే ఊగుతోంది. ఎప్పుడైనా ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న వీధిలో దూరంగానే నిలబడి వినండి. "జుమ్మ్" అంటుంది చూశారూ, అది పైడమ్మ కవ్వం చప్పుడే.