మొరగని సింహం

హొన్నూరప్ప మందలో మధ్యాహ్నం కాపలా చెవులతోనే జరుగుతుంది. ఎండ నడినెత్తికి రాగానే గొర్రెలన్నీ గుమిగూడి, ఒకదాని పొట్ట కింద ఇంకొకటి తల దూర్చి నిలబడతాయి. చెట్టు లేని ఆ బీడులో వాటికి దొరికే నీడ అదొక్కటే. తల పొట్ట కింద ఉంటుంది గనక కళ్లకు ఏమీ కనిపించదు. కాపరి హొన్నూరప్ప సంగటి తిని, గొంగడి ముఖం మీదికి లాక్కుని కునుకు తీస్తాడు. కరియ అనే నల్లకుక్క మాత్రం మంద చుట్టూ తిరుగుతూ, ఏది కదిలినా మొరుగుతుంది. మొరిగితే గొర్రెలు తలలెత్తుతాయి, కాపరి కర్ర అందుకుంటాడు. మొరుగు వినపడలేదంటే అంతా క్షేమమని అర్థం.

ఈ సంగతి తోడేలుకు తెలుసు.

"ఆ కుక్కను పడగొట్టేదెట్లా?" అని అది నక్కను అడిగింది.

"పడగొట్టడమెందుకు మామా? మునగచెట్టు ఎక్కిద్దాం. కొమ్మ దానంతటదే విరుగుతుంది" అంది నక్క.

ఒక మధ్యాహ్నం నక్క వచ్చి, రాయి విసిరితే తగలనంత దూరంలో కూర్చుంది.

"కరియన్నా, మొరగొద్దు. ఒక మాట చెప్పి పోతా."

"అక్కడి నుంచే చెప్పు."

"నువ్వు నడుస్తుంటే సింహంలా ఉన్నావు. అంతే. పోతున్నా."

అన్నట్టే వెళ్లిపోయింది. ఆ సాయంత్రం కరియ నీళ్లు తాగడానికి వాగులో దిగి, తాగకుండా తన నీడనే చూస్తూ నిలబడింది.

మర్నాడు నక్క ఇంకాస్త దగ్గరగా కూర్చుంది.

"సింహంలాంటి కరియన్నా, నిన్న నువ్వు మొరిగితే గుట్ట అవతలి ఊళ్లో కుండలు పగిలాయట."

"కుండలా?"

"కుమ్మరోళ్లు ఊరే వదిలిపోయారు."

ఇది కొంచెం ఎక్కువైందని కరియకు అనిపించింది. కాదనడానికి మాత్రం మనసు రాలేదు.

ఆ తర్వాతి రోజుకు 'లాంటి' అన్న మాట నక్క నోట్లోంచి మాయమైంది.

"సింహరాజా, సంగటి తిన్నావా?"

సింహంలాంటిదంటే పోలిక. సింహమంటే పోలికను మింగేసిన మాట. బడిలో మొదటిదాన్ని ఉపమ అని, రెండోదాన్ని రూపకమని, కుండల కథను అతిశయోక్తి అని పిల్లలకు చెబుతారు. మందలో ఎవరూ బడికి పోలేదు.

పైగా గొర్రెలకు ఆ పేరు నచ్చింది. ఒకటి సింహమంటే అన్నీ సింహమన్నాయి. పక్క మంద ఎదురైతే "మాకు సింహం కాపలా" అని చెప్పుకున్నాయి. అందరికంటే ఎక్కువ మురిసింది చుక్క గొర్రె. కిందటేడు దాని పిల్ల దక్కలేదు. ఈ ఏడు ఒక్క పిల్ల పుట్టింది, ఇంకా కాళ్లు నిలవని పసిది.

"నా బిడ్డకు ఇంక భయం లేదు" అంది చుక్క గొర్రె.

గొర్రెలతో కలిసి మేసే కొమ్ముల మేక నవ్వింది. "నిన్న సంగటి ముద్ద కోసం హొన్నూరప్ప కాళ్ల దగ్గర తోకాడించింది ఏ సింహమక్కా?"

"నీకు కళ్ల మంట."

"మంటే మరి. నేను కళ్లు తెరుచుకుని ఉంటాను గదా."

మరో మధ్యాహ్నం నక్క ఏకంగా కరియ పక్కకే వచ్చి, తోక తగిలేంత దగ్గరలో కూర్చుంది.

"రాజా, ఒకటి అడుగుతా. సింహం ఎక్కడైనా గొర్రెల చుట్టూ ప్రదక్షిణలు చేస్తుందా?"

కరియ ఆలోచించింది. "చెయ్యదు."

"ఆకు కదిలితే మొరుగుతుందా?"

"మొరగదు."

అవి జవాబు కోసం అడిగిన ప్రశ్నలు కావు. జవాబు లోపల పెట్టి అడిగినవి. కరియ మాత్రం ఆ జవాబు తన బుర్రలోంచే వచ్చిందనుకుంది.

"మరి సింహం ఏం చేస్తుంది?" అని అడిగింది.

"చూస్తుంది. ఆ చూపుకే ఏనుగులు దారి మళ్లుతాయి."

కరియ వెళ్లి మంద పక్కనున్న బండ మీద కూర్చుంది. నక్క కూడా వెంటే ఎక్కింది.

కాసేపటికి జిల్లేడు పొదల వెనక నుంచి తోడేలు బయటికొచ్చింది. నక్కి నక్కి రాలేదు, నడిచి వచ్చింది. కరియ చూసింది. మొరుగు గొంతుదాకా వచ్చింది.

"రాజా, చూపు చాలు" అంది నక్క మెల్లగా.

కరియ మొరుగును మింగేసింది. ఛాతీ విరుచుకుని, రెప్ప వాల్చకుండా చూసింది. తోడేలు కూడా ఆగి కరియను చూసింది. తర్వాత చుక్క గొర్రె కాళ్ల దగ్గర పడుకున్న పిల్లను మెడ పట్టి ఎత్తుకుని, వచ్చిన దారినే పోయింది.

పరుగెత్తను కూడా లేదు.

మంద అట్లాగే నిలబడి ఉంది. ఒక్క తల పైకి లేవలేదు. మొరుగు వినపడలేదు గనక అంతా క్షేమం.

వాగు గట్టున తుమ్మకాయలు తింటున్న కొమ్ముల మేక తలతిప్పి చూసి అరిచేసరికి తోడేలు గుట్ట దాటింది. నక్క కూడా బండ మీద లేదు. హొన్నూరప్ప కర్ర పట్టుకుని పరుగెత్తి, ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. కరియను తిట్టలేదు, కొట్టలేదు. కరియ మొరగని రోజును అతనెప్పుడూ చూడలేదు. జబ్బు చేసిందేమోనని దాని చెవులు తడిమాడు, ముక్కు ముట్టుకుని చూశాడు.

పిల్ల పడుకున్న చోటు ఇంకా వెచ్చగానే ఉంది. చుక్క గొర్రె ఆ నేలను వాసన చూసి కరియ దగ్గరికి వచ్చింది.

"నిద్రపోయావా?"

"లేదు. చూస్తూనే ఉన్నాను."

"చూస్తూ మొరగలేదా?"

"సింహం మొరగదని నక్క చెప్పింది."

"ఎక్కడ కూర్చుని చెప్పింది?"

"నా పక్కనే."

చుక్క గొర్రె మళ్లీ అడిగింది.

"నువ్వు నిజంగా సింహానివైతే, అది నీ పక్కన కూర్చునేదా కరియా?"

కరియ నక్క కూర్చున్న చోటు వైపు చూసింది. గొర్రెలన్నీ వింటున్నాయి. ఇన్నాళ్లూ నక్క గొంతు రోజురోజుకూ దగ్గరవడం అవీ విన్నాయి. ఈ ప్రశ్న ఒక్కదానికీ తట్టలేదు.

రుచి మరిగిన నోరు ఊరుకోదు. మర్నాడు మధ్యాహ్నం నక్క మళ్లీ వచ్చింది. కరియ బండ మీదే ఉంది.

"సింహరాజా, నిన్నటి దాంట్లో నీ తప్పేమీ లేదు. తోడేలు ముసలిది. దాని కంటికి నీ చూపు ఆని ఉండదు."

"అట్లాగే అయ్యుంటుంది. దగ్గరికొచ్చి చెప్పు."

నక్క వచ్చి, రోజూ కూర్చునే చోటే కూర్చుంది. కరియ దాని మీదికి దూకి, రెండు కాళ్లతో బండకేసి అదిమి, మొరిగింది. మందలో తలలన్నీ లేచాయి. హొన్నూరప్ప గొంగడి విసిరేసి కర్ర అందుకున్నాడు.

"రాజా, సింహం మొరగదు" అంది నక్క, ఊపిరాడక.

"దాని సంగతి నాకు తెలియదు. నేను కుక్కను" అంది కరియ.

కర్ర దిగింది. నక్క వెనక కాలు ఈడ్చుకుంటూ గుట్టకేసి పోయింది. ఈసారి ఏ పోలికా చెప్పలేదు.

గొర్రెలు మళ్లీ నీడలో తలలు పెట్టుకున్నాయి. చుక్క గొర్రె పెట్టలేదు. అది ఎండలోనే నిలబడి, గుట్టవైపు చూసి అరుస్తూ ఉంది.

పోలిక విని మురిసిపోవచ్చు గాని, అందులో కాపురం పెట్టకూడదు.