మారని అంకె

నలుగురిలో నవ్వులపాలు కావడం కన్నా పెద్ద నష్టం లోకంలో లేదని మీలో ఎంతమంది అనుకుంటున్నారు? ఎత్తిన చేతులు దించకండి. హిందూపురం దగ్గరి ఒక ఇంజనీరింగ్ కాలేజీలో చదివే కిరీటి కూడా అచ్చం అలాగే అనుకునేవాడు, అందుకే చచ్చినా "నాకు తెలియదు" అనేవాడు కాదు.

బుర్ర మాత్రం పాదరసం. బ్యాటరీ, తీగ లేకుండా పనిచేసే బొత్తాలంత పరికరాలు తయారు చేశాడు. వాటికి తోడుగా ఒక పెట్టె రేడియో అలలు పంపేది. ఆ అలల నుంచే బొత్తాం కాస్త కరెంటు పట్టుకుని, తన చుట్టూ ఎంత వేడి ఉందో ఫోనుకు చెప్పేది. అలలు అందకపోతే బొత్తానికి ప్రాణమూ ఉండదు, ఫోనుకు కబురూ ఉండదు.

"అప్పుడు ఫోనులో ఏం కనిపిస్తుంది?" అని అడిగింది తోటి విద్యార్థిని ఫర్హానా.

"చివరగా వచ్చిన అంకెనే ఉంచేశాను. తెర ఖాళీగా ఉంటే చూసేవాళ్ళు నవ్వరూ?"

"నవ్వితే పళ్ళు కనిపిస్తాయి, అంతేగా! కబురు రాకపోతే రాలేదనే చూపించు మహానుభావా."

కిరీటి వినలేదు.

మొదటి బొత్తాలను పట్టుపురుగులు పెంచే ఓబుళమ్మ షెడ్డులో, పెట్టెను బయట వసారాలో పెట్టాడు. పురుగులు నాలుగో జ్వరం, అంటే ఆఖరిసారి చర్మం విడిచే దశ, దాటాయి. ఇంకొన్నాళ్ళలో గూళ్ళు కడతాయి. అవి మల్బరీ ఆకు నములుతుంటే షెడ్డంతా ఒకటే చిటపటలు. కిందటి పంట రోగమొచ్చి పోయింది. ఇదీ పోతే మల్బరీ తోట పీకేసి బెంగళూరుకు కూలికి పోవడం తప్ప ఆమెకు దారి లేదు.

ఎండలు ముదిరాయి. అక్కడి రైతులందరిలాగే ఓబుళమ్మ ఆ ఉదయం కిటికీలకూ తలుపులకూ తడి గోనెపట్టాలు కట్టింది. అవి ఆరకుండా పైన సన్నటి నీళ్ళ పైపు పెట్టింది. లోపల ఉక్క పెరిగితే మాత్రం పట్టాలు పక్కకు జరిపి గాలి ఆడనివ్వాలి. సరిగ్గా అప్పుడే అక్కను ఆసుపత్రిలో చేర్చారని కబురొచ్చింది.

"పోయొస్తా నాయనా. వేడెక్కితే ఫోను చెప్తాదంటివి గదా, చూసుకొని వచ్చేస్తా. ఈ తడి పట్టాలు అడ్డముంటే నీ అలలు లోపలికి పోతాయా?"

కిరీటి ఎన్నడూ పరీక్షించి చూడలేదు. నీళ్ళు రేడియో అలలను మింగేస్తాయని ఎక్కడో చదివినట్టు గుర్తొచ్చింది కూడా. అయినా నోరు ఊరుకోలేదు.

"గోడలనే దాటిపోతాయి పెద్దమ్మా, గోనెపట్టాలు ఒక లెక్కా! నిశ్చింతగా పోయిరా."

ఆసుపత్రి వరండాలో ఓబుళమ్మ మాటిమాటికీ ఫోను చూసుకుంది. ఇరవై ఆరు డిగ్రీలు. మిట్టమధ్యాహ్నం కూడా ఇరవై ఆరే.

"సల్లగుండాయిలే నా బిడ్డలు" అని లోపలికెళ్ళి అక్కకు చూపించి నవ్వింది.

సాయంత్రం ఆమె ఏడుపు ఫోనులో విని కిరీటి పరుగెత్తుకొచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు. షెడ్డులో చప్పుడు లేదు. లోపల గాలి ఆడక ఆవిరిలా ఉక్క. తట్టల నిండా పురుగులు మెత్తబడి, నల్లబడి పడి ఉన్నాయి. ఆమె చేతిలోని ఫోను ఇంకా ఇరవై ఆరే చూపిస్తోంది.

"నాదే పాపం నాయనా. వీటిని ఇడిసిపెట్టి పోతిని" అంది ఓబుళమ్మ.

ఆ మాట కిరీటి గుండెను కోసేసింది. "కాదు పెద్దమ్మా. తడి పట్టాలు దాటి అలలు లోపలికి రాలేదు. ఆ అంకె తెల్లవారుజామున, పట్టాలు కట్టకముందుది. నువ్వడిగినప్పుడు నాకు తెలియదు. తెలిసినట్టు చెప్పాను."

ఓబుళమ్మ ఫోను పక్కన పెట్టింది. "తెలీదని ఒక్క మాట అనుంటే నేను పోకనే ఉందును గదప్పా" అంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేదనుకున్నాడు కిరీటి.

తర్వాత ఫర్హానా చెప్పినట్టే తెర మార్చాడు. అలలు అందకపోతే "కబురు లేదు" అని ఎర్రగా కనిపిస్తుంది. అది చూపిద్దామని వెళ్తే ఓబుళమ్మ ఇంటికి తాళం వేసి ఉంది. పీకేసిన మల్బరీ మొదళ్ళు పొలం గట్టున ఎండుతున్నాయి.

తెలియనిదాన్ని తెలిసినట్టు చూపించే డాబు, మనల్ని నమ్మినవాళ్ళ బతుకును తినేస్తుంది. ఇదే నీతి. ఇక మీరు చేయాల్సింది ఒకటుంది. ఎవరైనా మిమ్మల్ని నమ్మి ప్రశ్న అడిగినప్పుడు జవాబు తెలియకపోతే, నవ్వేవాళ్ళను నవ్వనివ్వండి, తలెత్తి "నాకు తెలియదు" అని చెప్పండి.