ముడి వెయ్యని మాల

వేసవి సెలవులన్నీ ధారపోసి చేసి పంపిన పనికి జవాబు రాకపోయేసరికి వినీల్‌కి ఉక్రోషం వచ్చింది.

ఆ పని ఒక అసెంబ్లర్ మీద. మనం రాసిన పొట్టి పొట్టి ఆదేశాలను యంత్రం చదువుకునే అంకెలుగా మార్చిపెట్టే ప్రోగ్రామ్ అది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, చేతనైనవాళ్లు బాగుచెయ్యొచ్చు. దాన్ని ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉన్నది మా మేనత్త సుభద్రమ్మ. ఎవరు ఏ మార్పు పంపినా ఆవిడ సరేనంటేనే అందులో చేరుతుంది. కాలేజీలో వినీల్‌కి పాఠం చెప్పిందీ ఆవిడే.

ఆ ఉదయం అతను ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని ఇంటికే వచ్చేశాడు. అత్తయ్య పూజగది గుమ్మం దగ్గర కూర్చుని నందివర్ధనాల మాల కడుతోంది, నేను పువ్వులు అందిస్తున్నాను.

"మేడమ్, కొత్త వెర్షన్ సాయంత్రం వదులుతున్నారట. నాది అందులో ఉందా, లేదా? లేదంటే చెప్పెయ్యండి, ఇంక ఇటు రాను."

"ఏం చేశావో చెప్పు ముందు."

"మూడు రెట్లు వేగం పెంచాను! పాతది ప్రతి లైను దగ్గరా ఆగి, ఈ సంఖ్య దానికిచ్చిన చోటులో పడుతుందా లేదా అని చూసుకుంటుంది. ఆ తనిఖీలన్నీ తీసేశాను."

"పట్టని సంఖ్య ఎవరైనా రాస్తే?"

"రాసినవాడి ఖర్మ మేడమ్."

అత్తయ్య మళ్లీ మాల మీదికి వంగింది. కట్టడం ఉన్నట్టుండి జోరందుకుంది. చూస్తూ ఉండగానే రెండు మూరలు పూర్తిచేసి, అరిటాకులో పెట్టి అతని ముందుకు జరిపింది.

"స్వామికి వేసిరా నాయనా."

వినీల్ కాళ్లూ చేతులూ కడుక్కొచ్చి, భక్తిగా మాల కొస పట్టుకుని ఎత్తాడు. పువ్వులన్నీ జలజలా రాలి అతని పాదాల చుట్టూ పడ్డాయి. చేతిలో దారం మిగిలింది.

"అయ్యో, ముడులు వెయ్యలేదేంటి మేడమ్!"

"త్వరగా అయింది కదా."

అతను ఆ దారం కేసి ఓసారి చూసి, వేలికి చుట్టుకున్నాడు. కింద పడ్డవి దేవుడికి పనికిరావని, పెరట్లోకి వెళ్లి మళ్లీ పువ్వులు కోసుకొచ్చాడు. అత్తయ్య ఎదురుగా మఠం వేసుకుని కూర్చున్నాడు. మొదటి ముడి జారింది. రెండోదీ జారింది. నేను సాయం చెయ్యబోతే అత్తయ్య కళ్లతోనే వద్దంది.

మూడోది నిలిచింది.

"తీసేసినవన్నీ తిరిగి పెడతాను. వేగం ఇంకోచోట వెతుకుతాను," అన్నాడు తలెత్తకుండా. "సాయంత్రానికి అవదేమో మేడమ్."

"వాడుకునేవాళ్లు ఆగుతారు." అత్తయ్య పూజగదిలోకి చూసింది. "ఆయనా ఆగుతాడు. నువ్వు కట్టు."