వరిచేల నడుమ ఒడ్డు

ఎవరైనా విద్యార్థి మనసు పెట్టి ప్రశ్న అడిగితే ఆచార్య జోగారావు తరగతిలో జవాబు చెప్పేవారు కారు. "రేపు పొద్దున్నే బస్టాండుకి రా" అనేవారు. విశ్వవిద్యాలయంలో ఆయన దగ్గర భూగోళశాస్త్రం చదివినవాళ్లందరికీ ఈ అలవాటు తెలుసు.

మైలపల్లి నూకరత్నం మత్స్యకారుల పిల్ల. ఆ ఏడు తుఫానుకి ఆమె పుట్టిపెరిగిన ఇల్లు, వీధితో సహా కెరటాల్లో కలిసిపోయింది. సెలవుల తరవాత ఆయన తీరం కోత గురించి పాఠం చెబుతుంటే లేచి నిలబడింది.

"మా ఇంటిని మింగినదాన్ని నేనెందుకు చదవాలి సార్? అసలు అది మా మీదికే ఎందుకొచ్చింది?"

చదువు మానేసి వెళ్లిపోవడానికి నిశ్చయించుకునే ఆ మాట అడిగింది.

మర్నాడు ఆయన ఆమెను సముద్రం వైపు కాదు, లోపలికి, డెల్టా వరిచేల మధ్యకు తీసుకెళ్లారు. చేల నడుమ పొడవాటి మెరక. దాని మీద ఒక ఊరు. అక్కడ ఒక ముసలామె అనుమతి అడిగి, ఆమె పెరట్లో, తను వెంట తెచ్చిన, నేలలోకి తిప్పుతూ దించే ఇనుప గొట్టాన్ని రత్నం చేతికిచ్చారు. రత్నం ముభావంగానే తిప్పింది. ముందు మట్టి వచ్చింది, తరవాత ఇసుక. ఇంకా లోతుకు దించి పైకి లాగేసరికి తడి ఇసుకలో తెల్లగా గుల్లలు మెరిశాయి. చిన్నప్పుడు తను ఒడ్డున ఏరుకున్న గుల్లలే.

ఆమె తలెత్తి చూసింది. ఊరినీ కొబ్బరిచెట్లనూ మోసుకుంటూ ఆ మెరక కనుచూపు మేర సాగి, మెల్లగా వంపు తిరిగి ఉంది. ఆ వంపు ఆమెకు పుట్టినప్పటినుంచీ తెలుసు. కెరటాలు పోసిన ఒడ్డు అది. చెప్పులు విడిచేసింది.

"ఏ ఊరమ్మా మీది?" అంది ముసలామె.

"సముద్రం పక్కన, మామ్మా."

"అదృష్టవంతురాలివి. బుద్ధెరిగాక నేను ఊరు దాటలేదు. సముద్రం ఎలా ఉంటుందో ఎరగను."

రత్నం ముసలామె కాళ్ల కింది నేలను చూసింది. గొట్టం మళ్లీ అందుకుంటూ అడిగింది. "సముద్రం ఇక్కడున్నప్పుడు మనుషులుండేవారా సార్?"

"ఉండే ఉంటారు. ఇక్కడే వలలు ఆరేసుకుని ఉంటారు." ఆయన ఒక గుల్లను ఆమె అరచేతిలో పెట్టారు. "వాళ్లూ అడిగే ఉంటారమ్మా, సముద్రం మమ్మల్ని వదిలి ఎందుకు వెళ్లిపోయిందని."