అత్తా అని పిలిపించుకున్న అమ్మ

అత్తమ్మ దిన్నెకు బస్సు లేదు. కింద గుండ్లవాగు దగ్గర దిగి రాళ్లదారిలో కొండ ఎక్కాలి. పైన కనుచూపు మేర బయలు. ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ మధ్య కేకేసినా వినపడనంత దూరం. జొన్నచేలు, బోదగడ్డి, గాలి. ఆ గాలికి ఓరగా ఉన్న చిన్న రాతిగుడిలో అమ్మవారు కొలువై ఉన్నారు.

భక్తులు గడప దగ్గరికి రాగానే పూజారమ్మ హారతి ఇవ్వదు. "మీరు దిన్నె ఇళ్లవాళ్లా, బయటివాళ్లా?" అని ముందు అడుగుతుంది. దిన్నె ఇళ్లవాళ్లు అమ్మా అని మొక్కుతారు. బయటివాళ్లు అత్తా అని మొక్కాలి. కొత్తవాళ్లకు నోరు రాదు. కొందరు నవ్వుతారు, కొందరు జంకుతారు. ఆ పిలుపు ఎలా వచ్చిందో పెద్దలు ఇలా చెబుతారు.

పూర్వం ఇక్కడ మనుషులు లేరు. కింది సీమలో వానలు తప్పి కరువు వచ్చినప్పుడు ఊరికొక కుటుంబం చొప్పున పైకి చేరింది. ఒకరికొకరు తెలియదు. చిరుతల భయం, దొంగల భయం. ఎవరిని నమ్మడం? మేకలు కాసే బసన్న అనే ఆయన బలుసుపొదలో ఒక నిలువురాయిని చూశాడు. దానికి పసుపు పూశారు. దాని ముందు మగవాళ్లందరూ ఒకే ముంతలో నీళ్లు తాగి, "ఈమె మన తల్లి, మనం అన్నదమ్ములం" అని ప్రమాణం చేశారు. తరువాత వచ్చిన ప్రతివాడికీ ఆ ముంతే ఇచ్చారు. తాగినవాడు తమ్ముడు. తలుపులు వేయకుండా నిద్రపోయేంత నమ్మకం కుదిరింది.

పిల్లలు పెరిగాక చిక్కు వచ్చింది. అన్నదమ్ముల పిల్లలు అన్నాచెల్లెళ్లే కదా. దిన్నె మీద ఏ పిల్లకూ ఏ పిల్లవాడితోనూ వరస కుదరలేదు. ఆడపిల్లలను కింది ఊళ్లకు ఇచ్చి పంపారు. మగపిల్లలకు మాత్రం కిందివాళ్లు పిల్లనివ్వలేదు. కడవ ఎత్తుకుని ఎక్కి దిగడానికా మా బిడ్డను కన్నది అన్నారు. కావాలంటే ఇల్లరికం రమ్మన్నారు. ఒక్కొక్కడే మూట కట్టుకుని దిగాడు. దిగినవాడు మళ్లీ ఎక్కలేదు. చేలు బీళ్లయ్యాయి.

తిప్పక్క అనే వితంతువుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాళ్లిద్దరూ అలాగే వెళ్లిపోయారు. మిగిలినవాడు చిన్నతిమ్మడు. ఒకరోజు వాడూ మూట కట్టాడు. తిప్పక్క వద్దనలేదు. జొన్నరొట్టెలు చేసి మూటలో పెట్టింది. "ఎల్లుండి సంతకు పోయేవాళ్లతో దిగు నాయనా, తోడుంటారు" అని మాత్రం అంది. తరువాత అమ్మ రాయి దగ్గరికి వెళ్లి కూర్చుంది. ఏమీ అడగలేదంటారు.

మరునాడు రోళ్లు, తిరగళ్లు చెక్కి అమ్ముకునే ఒక కుటుంబం గాడిదలతో పైకి వచ్చింది. ఇక్కడి రాయి బాగుంది, ఉండిపోతామన్నారు. బసన్న సంతోషపడి ముంత నింపాడు. చెక్కే ఆయన చెయ్యి చాపాడు. తిప్పక్క వచ్చి ముంతను అరచేత్తో మూసింది.

"ఆగు బావా. ఈ నీళ్లు తాగితే నీకింకో తమ్ముడు దొరుకుతాడు. నాకు కోడలు దొరకదు."

"తాగకపోతే ఎట్ల నమ్మేది?" అని బసన్న కోపపడ్డాడు.

చెక్కే ఆయన భార్య ఈరమ్మ నడుము మీద చెయ్యి పెట్టుకుని చూస్తోంది. "ఏమ్మా, మా ఆయన్ను తమ్ముడిగా వద్దంటివి. మరి నన్నేం చేసుకుంటావు?"

"వియ్యపురాలిని చేసుకుంటా."

ఈరమ్మ తన కూతురు ఎల్లిని చూసింది. మూట పక్కన నిలబడిన చిన్నతిమ్మణ్ని చూసింది. "నీ కొడుక్కి నోట్లో పళ్లయినా ఉండాయా? మూసిన నోరు తెరవడే."

"ఉండాయి. మా రొట్టెల్లో రాళ్లు నమిలి కొంచెం అరిగినాయి. మీ తిరగలి వస్తే నిలబడతాయి."

ఎల్లి నవ్వింది. బసన్న నవ్వలేదు. "అమ్మ అందరికీ తల్లి. వీళ్లకు కాదంటే ఆమెకు కోపం రాదా? వీళ్లు ఆమెను ఏమని పిలవాల?"

తిప్పక్క ముంత మీద చెయ్యి తీయకుండానే "అత్తా అని" అంది.

బసన్న మెత్తబడలేదు. అమ్మ చెబితే తప్ప ముంత వదలనని రాయి ముందే పడుకున్నాడు. తెల్లవారుజామున కలలో అమ్మ కనిపించి, "ఇంతమంది కొడుకులకు తల్లినైతిని. నాకు కోడళ్లు వద్దా? అత్తా అనే పిలుపు ఇన్నాళ్లకు నా చెవిన పడింది. ఆ పిల్లను పోనివ్వకండి" అని పలికింది. బసన్న లేచి ముంతలో నీళ్లు గాడిదలకు పోశాడు.

చిన్నతిమ్మడు కొండ దిగలేదు. పెళ్లికి మామ తిరగలి చెక్కి ఇచ్చాడు. తిప్పక్క, ఎల్లి ఎదురెదురుగా కూర్చుని, ఒకే పిడి పట్టి విసిరిన మొదటి పిండితో అమ్మకు దీపం పెట్టారు. ఆపైన వచ్చినవాళ్లెవరికీ ముంత ఇవ్వలేదు. దిన్నె మీద మళ్లీ పొయ్యిలు వెలిగాయి. తిప్పక్క పెద్దకొడుకులిద్దరూ మాత్రం తిరిగి రాలేదు. కథ చెప్పేవాళ్లు ఆ సంగతి దాచరు.

నేటికీ ఇక్కడ ఉండటానికి ఎవరు వచ్చినా, గాలిమరల కాపలాకు వచ్చిన ఒడియా కుటుంబమైనా, బడికి వచ్చిన టీచరమ్మ అయినా, మొదటి శుక్రవారం గుడిలో దిన్నె ఇంటి మనిషితో కలిసి తిరగలి తిప్పాలి. ఆ రోజునుంచి వాళ్లను పేరుతో పిలవరు. బావా, వదినా, మామా అనే పిలుస్తారు.

ఇక్కడినుంచి వెళ్లినవాళ్లూ తక్కువేమీ కాదు. వాళ్ల తల్లులు శుక్రవారాలు వచ్చి పిండిదీపం పెడతారు. బిడ్డను వెనక్కి తెమ్మని ఈ గుడిలో మొక్కకూడదు. అమ్మ ఆ కోరిక తీర్చదు. "పోయినచోట నా బిడ్డను ఎవరైనా వరస పెట్టి పిలవాల" అని మొక్కాలి. అలా మొక్కితే, తెలియని ఊళ్లో ఆకలివేళ ఆ బిడ్డకు ఒక తలుపు తెరుచుకుంటుందని నమ్మకం. ఆ తలుపు తీసే తల్లి ఎవరో మనకు తెలియదు. ఆమె కోసం కూడా అదే దీపంలో రెండో వత్తి వేసి వెలిగించడం ఇక్కడి ఆచారం.