కంప్యూటరుకు కప్పిన శాలువా

అనగనగా అంటే మరీ అంత పాతకాలం కాదు పిల్లలూ! రాజులకు కిరీటాలూ ఉండేవి, కచేరీల్లో కంప్యూటర్లూ ఉండేవి. ఆ రోజుల్లో మల్లెగిరి రాజ్యాన్ని మందారసేన మహారాజుగారు ఏలుతుండేవారు.

ఆ రాజ్యానికంతటికీ ఒకటే కాలువ. నారుమడులకు నీళ్లు వదిలే రోజొస్తే చాలు, వంతు నాదంటే నాదని రైతులు తలలు పగలగొట్టుకునేవారు. వంతులు రాసిన తాటాకుల్ని ఏనాడో చెదలు తినేశాయి. అందుకని రాజుగారు ఒక కంప్యూటరు తెప్పించి, దాని ముందు వకుళ అనే అమ్మాయిని కూర్చోబెట్టారు. వకుళ ఊరూరా తిరిగింది. ముసలివాళ్లందరినీ అడిగింది. ఏ మడికి ఏ రోజు నీళ్లు రావాలో అంతా అందులోకి ఎక్కించింది. ఆ ఏడు ఒక్క తల కూడా పగల్లేదు.

రాజుగారి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. మరుసటి ఏడు, కాలువకు నీళ్లు వదలడానికి ఒక రోజు ముందు, "ఇంత మేలు చేసిన మహానుభావుడికి సన్మానం చెయ్యొద్దూ?" అన్నారు. మహానుభావుడంటే వకుళ అనుకునేరు, కంప్యూటరు!

అసలే రోహిణి కార్తె ఎండలు. ఆ పొద్దున నిండు సభలో రాజుగారు బరువైన జరీ శాలువా తెచ్చి, తెర మాత్రం కనబడేలా కంప్యూటరుకు నిండుగా కప్పారు. దండ వేశారు. ఆస్థాన కవి పద్యాలు అందుకున్నాడు. వకుళ శాలువా వైపు చూసింది. లోపలి వేడి బయటికి పోయే రంధ్రాలన్నీ శాలువా కింద మూసుకుపోయాయి. చెబుదామని నోరు తెరిచింది. కానీ రాజుగారు కప్పిన శాలువాను తియ్యమంటే ఊరుకుంటారా? తెరిచిన నోరు మూసేసుకుంది.

మూడో పద్యం సగంలో ఉండగా తెర నల్లబడింది.

"వంతులన్నీ దాని పొట్టలోనే ఉన్నాయి! తెల్లారితే నీళ్లు వదలాలి!" అని రాజుగారు కంగారుపడ్డారు. ఆ కంగారంతా వకుళ మీదికి మళ్లింది. "సాయంత్రం నగారా మోగేలోపు ఇది కళ్లు తెరవకపోతే, నువ్వు రాజ్యం విడిచి పోవాలి!"

ముందుగా జ్యోతిష్కులు లేచారు. "దక్షిణ ముఖంగా కూర్చోబెడితే అలగదా ప్రభూ?" అన్నారు. నలుగురు కలిసి దాన్ని తూర్పుకు తిప్పారు. వకుళ మీట నొక్కింది. తెర రెప్పపాటు వెలిగి ఆరిపోయింది.

తరువాత రాజవైద్యులు వచ్చి చెయ్యి వేసి చూశారు. "అమ్మో, ఒళ్లు కాలిపోతోంది. ఇది జ్వరం! గాలి తగలకూడదు" అంటూ శాలువా మీద గొంగళి కప్పించారు. పైన శొంఠి పట్టు కూడా వేశారు. ఈసారి రెప్పపాటు కూడా వెలగలేదు.

చివరికి మంత్రిగారు గొంతు సవరించుకున్నారు. "ఇంతటివాడికి ఒక్క శాలువాతో సరిపెడితే మనసు నొచ్చుకోదూ?" అని మరో రెండు కప్పించారు. ఇక అక్కడ కంప్యూటరు లేదు, చాకలి మూట ఉంది.

పొద్దు వాలింది. నగారా కొట్టేవాడు కర్రలు చేతికి తీసుకున్నాడు. వకుళకు తనను వెళ్లగొడతారన్న భయం కన్నా, రేపు కాలువగట్టు మీద పగలబోయే తలలే కళ్లముందు కదిలాయి. పొద్దున్నే చెప్పి ఉంటే ఇంతదాకా వచ్చేదా అని తన మీద తనకే సిగ్గేసింది. గబగబా వెళ్లి మంత్రిగారి శాలువాలు లాగేసింది. గొంగళి లాగేసింది. రాజుగారి శాలువా కూడా లాగేసింది!

సభ నోరు వెళ్లబెట్టింది. రాజుగారి చెయ్యి కత్తి మీదికి పోయింది.

"తప్పు నాదే మహారాజా! మీకు కోపం వస్తుందని పొద్దున నోరు విప్పలేదు. ఇది అలగలేదు, దీనికి జ్వరమూ రాలేదు. ఉక్కపోస్తోంది, అంతే!" అంటూ వకుళ దాసి చేతిలోని విసనకర్ర అందుకుని విసరసాగింది.

విసిరింది, విసిరింది. చేతులు లాగేదాకా విసిరింది. నగారా మీదికి కర్ర లేస్తుండగా మీట నొక్కింది.

తెర వెలిగింది! దాని మీది అక్షరాలను రాజుగారే పైకి చదివారు: "వేడి ఎక్కువై ఆగిపోయాను. గాలి తగలనివ్వండి." ఆ వెనకే వంతులన్నీ ఒక్కటి కూడా పోకుండా వరసగా కనిపించాయి.

"హమ్మయ్య!" అంటూ రాజుగారు సింహాసనంలో కూలబడ్డారు. సభంతా ఊపిరి పీల్చుకుంది. వకుళకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "నేనూ ముందునుంచీ ఉక్కపోత అనే అనుకుంటున్నాను ప్రభూ" అన్నారు మంత్రిగారు.

"రోజూ దీని ముందు కూర్చునేది నువ్వు. నిన్ను తప్ప అందరినీ అడిగానే!" అంటూ రాజుగారు ఆ జరీ శాలువా పట్టుకుని వకుళ దగ్గరికి వచ్చారు.

వకుళ రెండడుగులు వెనక్కి వేసింది. "మహారాజా, నాకూ ఉక్కపోస్తోంది!"

కిరీటం జారిపోయేలా నవ్వి, రాజుగారు విసనకర్ర తీసుకుని స్వయంగా ఆమెకు విసిరారు. మర్నాడు కాలువలో నీళ్లు పారాయి. ఒక్క తల కూడా పగల్లేదు.

కాబట్టి పిల్లలూ, మనకు తెలియనిదానికి దండలు వేసేముందు తెలిసినవారిని అడగాలి. తెలిసినవారు భయపడి నోరు మూసుకోకూడదు.